కన్వర్టర్ లోపలి సంగతి

విశాఖ ఉక్కు కర్మాగారంలోని స్టీల్ మెల్ట్ షాపులో అడుగుపెడితే మొదట పని పడేది చెవులకే. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల్లో కరిగిన ఇనుము ఇక్కడికి వస్తుంది. క్రేన్ ల్యాడిల్‌ను వంచి, ఇనుమును ఉక్కుగా మార్చే పాత్ర అయిన కన్వర్టర్ నోట్లో పోస్తుంటే ఆ వేడికి దూరంగా నిలబడ్డ నా ముఖం కూడా చుర్రుమంది. ఆ తర్వాత నీటితో చల్లబడే పొడవాటి గొట్టం, లాన్స్, పైనుంచి దిగింది. ఆక్సిజన్ ఊదడం మొదలైంది.

మొదట చెవులు గింగురుమనే హోరు. కాసేపటికి ఎవరో దుప్పటి కప్పినట్టు ఆ హోరు మందగించింది. పక్కనున్న సీనియర్ ఆపరేటర్ చెయ్యెత్తి, "విన్నారా సార్? స్లాగ్ నురగ లేచింది. లాన్స్ కొస అందులో మునిగింది. ఇంకా పెరిగితే బయటికి పొంగుతుంది" అన్నారు. కన్వర్టర్ నోట్లోంచి మంట తప్ప మరేమీ కనిపించదు. ఆయన చెవి మాత్రం లోపలికి చూస్తోంది.

1952లో ఆస్ట్రియాలోని లింజ్‌లో మొదలైన ఈ ఆక్సిజన్ ఊదే పద్ధతిలో లోపల జరిగేది కనిపించకపోవడమే ఇప్పటికీ చిక్కు. ఆక్సిజన్ ధ్వనికి రెండు రెట్ల వేగంతో వచ్చి, 1600 డిగ్రీలకు చేరే ద్రవలోహాన్ని గుంట పడేలా కొడుతుంది. లోహం తుంపరలై, పైన తేలే కరిగిన మలినాల పొర అయిన స్లాగ్‌లో కలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ బుడగలు ఆ మిశ్రమాన్ని నురగెత్తిస్తాయి. కరిగిన ఉక్కు ఘనపు మీటరుకు దాదాపు 7 టన్నులు. గది ఉష్ణోగ్రతలో ఆక్సిజన్ కిలోన్నర కూడా తూగదు. ఇంత తేడా ఉన్న వాటిని ఒకే లెక్కలో ఇమడ్చడం కష్టం. పైగా పాత్ర మీటర్లలో, తుంపర మిల్లీమీటర్లలో. అందుకే కొన్ని సెకన్ల ఊదుడును లెక్కగట్టడానికి కంప్యూటర్లకు రోజులు పడుతుంది.

ఆ లెక్క ఎలా వేస్తారో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ప్రయోగశాలలో చూశాను. పాత్రను లక్షల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో ద్రవం ఎంత, వాయువు ఎంత అని క్షణక్షణం లెక్క రాసుకుంటారు. హర్ట్, నికోల్స్ 1981లో ప్రచురించిన పద్ధతి ఇది. లాన్స్‌కు రంధ్రాలు ఎన్ని, ఎంత వాలుగా ఉండాలి, ఎంత ఎత్తు నుంచి ఊదితే తుంపరలు పాత్ర లోపలి ఇటుకల్ని తినెయ్యవు అన్నవి లాన్స్ తయారు కాకముందే తెరమీద పరీక్షించవచ్చు.

నన్ను అక్కడ ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం కంప్యూటర్ కాదు, మూలనున్న అక్రిలిక్ తొట్టె. అందులో నీళ్లు, పైన చిన్న నాజిల్. ప్రవాహం విషయంలో నీరు, కరిగిన ఉక్కు దగ్గరి చుట్టాలే. బరువుతో పోలిస్తే జిగట రెండింటికీ ఇంచుమించు సమానం. కానీ ఉక్కు తలతన్యత ఇరవై రెట్లకు పైనే, కాబట్టి తుంపరలు నీటిలోలా చిట్లవు. ముందు నీటితో లెక్క సరిపోయిందని తేల్చుకుని, ఆ పైనే ఉక్కు గుణాలు, వేడి చేర్చాలి. ఈ మెట్టు దాటవేస్తే తెరమీద వచ్చేది రంగుల బొమ్మే.

చాలా కాలేజీల ప్రాజెక్టు రిపోర్టుల్లో నేను చూసింది ఆ రంగుల బొమ్మలనే. అధ్యాపకులకు నా మనవి ఒక్కటే: ఫైనలియర్ పిల్లల్ని అనుమతి తీసుకుని ఒక్కసారి మెల్ట్ షాపుకి తీసుకెళ్లండి. హోరు ఎప్పుడు మందగిస్తుందో ఆపరేటర్ పక్కన నిలబడి విననివ్వండి. సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత నేర్పండి.