దెబ్బ కాచుకొనే తోడు

బదిలీ ఉత్తర్వు అందుకొన్న ఉద్యోగికి కలిగే మొదటి భయం ఒక్కటే: కదిలిస్తే కుటుంబం చెదరకుండా నిలుస్తుందా అని. అణువులను తూచే శాస్త్రజ్ఞులను కూడా ఇటువంటి ప్రశ్నే చాలాకాలం వేధించింది. మాస్ స్పెక్ట్రోమీటరులో తూగవలసిన అణువు ముందుగా ఉన్నచోటు నుండి పైకి లేవాలి, విద్యుదావేశం పొందాలి. చిన్న అణువులకు ఇది సులభమే. ప్రోటీను వంటి భారీ అణువును వేడిచేస్తే లేవకముందే ముక్కలవుతుంది. లేజరు కిరణం సూటిగా తగిలినా అదే గతి.

దీనికి కనిపెట్టిన ఉపాయం, తోడునివ్వడం. 1980 దశకంలో జర్మనీలో కారాస్, హిలెన్‌కాంప్‌లు పరీక్షించవలసిన పదార్థాన్ని, కాంతిని బాగా పీల్చుకొనే మరొక పదార్థంతో కలిపారు. దానిని మాతృక అనవచ్చును. లేజరు దెబ్బను మాతృక తాను భరించి, తృటిలో ఎగసిపోతూ, పెద్ద అణువును చెక్కుచెదరకుండా వెంట తీసుకొనిపోతుంది. జపానులో షిమాడ్జు కంపెనీ ఇంజనీరు కొయిచి తనాకా 1987లో గ్లిసరిను, కోబాల్టు పొడి మిశ్రమంతో ప్రోటీనులను ఇలాగే లేపి చూపారు. 2002లో ఆయన నోబెల్ బహుమతిని పంచుకొన్నప్పుడు, డాక్టరేటు లేని ఒక కంపెనీ ఉద్యోగికి దక్కిన గౌరవమని మాబోటి వారమందరమూ సంతోషించాము.

ఆ తొలి ప్రయోగాలలో ఎక్కువగా అతినీలలోహిత కాంతిని వాడారు. 1990లో హిలెన్‌కాంప్ బృందం 2.94 మైక్రోమీటర్ల పరారుణ లేజరును ఉపయోగించింది. నీరు ఈ కాంతిని గాఢంగా పీల్చుకొంటుంది. కనుక తడిగల వస్తువుకు తనలోని నీరే మాతృక కాగలదు. 2007లో అమెరికాలోని జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నెమెష్, వెర్టెష్‌లు వెల్లడించిన పద్ధతిలో పరారుణ లేజరు ఆకులోని నీటినే ఆధారం చేసికొని అణువులను వెలికితీస్తుంది. విద్యుత్ తుంపర వాటికి ఆవేశాన్ని అందిస్తుంది. ఆకును ఎండబెట్టనక్కరలేదు, వేరే పదార్థం పూయనక్కరలేదు.

ఇది చదివినప్పుడు మాకు మా ఢిల్లీ జీవితమే గుర్తుకు వచ్చింది. బదిలీపై వచ్చిన కొత్తలో మాకు మాతృకగా నిలిచినది అశోకా రోడ్డులోని ఆంధ్రభవన్ భోజనశాల. పప్పు, గోంగూర వడ్డిస్తుండగా పక్క బల్లమీద వినిపించే తెలుగు మాట, కొత్త ఊరి దెబ్బను సగం కాచుకొనేది. కాని ఇక్కడే పుట్టి పెరుగుతున్న మా పిల్లల సంగతి వేరు. బడిలో హిందీ, పుస్తకాలలో ఇంగ్లీషు. రేపు వారు వెళ్ళే ఊరిలో ఆంధ్రభవన్ ఉంటుందన్న భరోసా లేదు. వారికి బయటి మాతృక చాలదు, లోపలి తడి కావాలి. ఆ తడి మాతృభాష. దానిని నింపవలసినది భోజనశాల కాదు, మన ఇల్లే.