నెరూల్‌లో ఒక రాత్రి కచేరీ

"తెలుగు పాఠాలు చెప్పే మీకు ఈ రాక్ సంగీతం మీద మోజేమిటండీ?" అని మా కాలేజీలో మిత్రులు అడిగారు. జవాబు చెప్పకుండా సెలవుచీటీ రాసిచ్చి, హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాను.

2019 డిసెంబరు 15, ఆదివారం. ఐర్లండుకు చెందిన యూటూ బృందం మన దేశంలో మొట్టమొదటిసారి పాడబోతున్నది. నవీ ముంబయిలో, నెరూల్ దగ్గరున్న డి.వై. పాటిల్ స్టేడియంలో కచేరీ. వాశిలో మా చెల్లెలు ఉన్నది కనుక బసకు, భోజనానికి లోటు లేదు. డిగ్రీ చదువుతున్న మేనకోడలు నాకు తోడు బయలుదేరింది.

చెప్పొద్దూ, నాకు లోపల కొంచెం బెదురుగానే ఉంది. చిన్నతనంలో మా ఊరికి పేరుమోసిన నటుడొకాయన వచ్చాడు. అప్పటికే ముసలివాడు. కృష్ణుడి వేషం కట్టి, పద్యం ఎత్తుకొని, రాగం అందక నిలిచిపోయాడు. ఒకప్పుడు ఆయనకు "వన్స్ మోర్" కొట్టిన జనమే ఈలలు వేశారు. యం.ఏ. రోజుల్లో హాస్టల్ గదిలో క్యాసెట్ అరిగిపోయేదాకా విన్న గొంతు ఇది. దీనికీ ఆ గతి పడితే చూడగలనా?

లోకల్ దిగి జనంతోపాటు నడిచాం. బట్టతల తండ్రులూ, వారి భుజాలెక్కిన పిల్లలూ, చేతులు పట్టుకొన్న దంపతులూ! తిరునాళ్ళకు వెళ్తున్నట్టే ఉంది.

ఈ బృందం పుట్టుక కథ మా మేష్టర్లకు నచ్చుతుంది. 1976లో డబ్లిన్‌లోని ఒక స్కూల్లో లారీ ముల్లెన్ అనే కుర్రవాడు, వాద్యబృందానికి మనుషులు కావాలని నోటీసు బోర్డుమీద చీటీ అంటించాడు. మొదట్లో ఒకరిద్దరు వచ్చి వెళ్ళినా, బోనో, ఎడ్జ్, ఆడమ్ క్లేటన్, లారీ—ఈ నలుగురూ మాత్రం విడిపోలేదు. ఉమ్మడి కుటుంబాలే నిలవని రోజుల్లో నలభై మూడేళ్ళ పొత్తు!

దీపాలు తగ్గాయి. మొదట లారీ ఒక్కడే నడిచివచ్చి డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. మిలిటరీ కవాతును తలపించే ఆ దరువు వినగానే వేలాది గొంతులు ఒక్కసారి లేచాయి. పాట "సండే బ్లడీ సండే". 1972 జనవరి 30న ఉత్తర ఐర్లండులోని డెర్రీ పట్నంలో, పౌరహక్కుల కోసం ఊరేగుతున్నవారిపై బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. ఆ రోజే పదముగ్గురు చనిపోయారు. బ్రిటిష్ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పేసరికి 2010 వచ్చింది. 1983లో వెలువడిన ఆ పాట పగ తీర్చుకోమనదు. ఈ నెత్తురు ఇంకెన్నాళ్ళని అడుగుతుంది.

తరువాత 1987 నాటి "జోషువా ట్రీ" ఆల్బంలోని పదకొండు పాటలూ వరుసగా పాడారు. వెనక సుమారు 200 అడుగుల వెడల్పు తెరమీద ఎడారి దారులూ, కొండలూ. బోనోకు అప్పటికి యాభై తొమ్మిదేళ్ళు. పైస్థాయిలో గొంతు ఎక్కడైనా తడబడితే తెలిసే వీలే లేదు; జనం ముందే అందుకొంటున్నారు. ఇక్కడ ఈలలు వేసినవారు కూడా సంతోషం పట్టలేక వేసినవారే! నా బెదురు ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

చివరి భాగంలో ఎ.ఆర్. రెహమాన్ తన ఇద్దరు కుమార్తెలతో వేదికెక్కాడు. ఆయనా, యూటూ బృందమూ కలిసి కూర్చిన "అహింస" పాట అది. అందులో తమిళ తిరుక్కురళ్ వినిపించేసరికి నా వెన్ను నిటారుగా అయింది. సుమారు రెండు గంటల క్రితం డెర్రీలో మొదలైన ప్రశ్నకు వళ్ళువర్ జవాబు చెబుతున్నాడు!

తిరుగు రైల్లో మేనకోడలు అడిగింది: "మామయ్యా, ఆ తమిళం ముక్కలకు అర్థం ఏమిటి?"

"నీకు కీడు చేసినవాడికి మేలు చేసి సిగ్గుపడేలా చెయ్యి, అదే శిక్ష అని."

"ఇది మన వేమన చెప్పిందే కదూ? శత్రువు చేతికి చిక్కినా చంపకుండా, మేలు చేసి పంపెయ్యమని?"

"అదే."

అది కాసేపు కిటికీలోంచి చూసి, "ఐదో తరగతిలో అప్పజెప్పాను మామయ్యా. అర్థం ఇవాళ తెలిసింది" అన్నది.