ఇచ్ఛాపురం నుంచి తడ దాకా... అలల పక్కనే!

ఆయనకు సముద్రమంటే ప్రాణం. ఆమెకు ఆ పేరు చెబితేనే వణుకు. పెళ్లయిన ముప్పై మూడేళ్లకు ఇద్దరూ కలిసి ఓ గుడారం కారులో పడేసుకుని ఆంధ్ర తీరమంతా చుట్టొచ్చారు. పది రాత్రులు, వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం. దారి పొడవునా పాత నేస్తాలు... వాళ్లతోపాటు ఎన్నో తుపానుల కథలు!

2025 సంక్రాంతి. సోంపేట దగ్గర ఉద్దానం పల్లెలో ఆయన సొంతిల్లు. బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేసి అప్పటికి రెండు నెలలే అయింది. కనుమ మర్నాడు కారు డిక్కీలో ఒక్కో సామానూ సర్దుతున్నాడాయన. ఇద్దరు పట్టే గుడారం, చాప, చిన్న గ్యాస్ స్టవ్, రెండు టిన్నుల నీళ్లు, ఆవకాయ జాడీ. 'ఈ వయసులో గుడారమేంటి నాన్నా' అని కూతురు ఫోన్లో ఒకటే నవ్వు.

ఆమె మాత్రం నవ్వలేదు. ఆమెది దివిసీమ. నాగాయలంక దగ్గరి ఓ పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు తొమ్మిదేళ్లు. ఆ రాత్రి నాయనమ్మ, తమ్ముడు పోయారు. మేనమామ వచ్చి విజయవాడ తీసుకెళ్లిపోయాడు. ఆ తర్వాత సొంతూరు వెళ్లలేదు, సముద్రంలో కాలు పెట్టలేదు. విశాఖ వెళ్లినా బీచ్ రోడ్డు మీద బెంచీపైనే కూర్చునేది. పిల్లలకు తువ్వాళ్లు అందించడం వరకే ఆమె వంతు.

'ఏమండీ, వస్తాను గానీ ఒక్క షరతు. రాత్రికి గుడారం ఎక్కడ వేయాలో నేనే చెబుతాను' అంది. ఆయన సరేనన్నాడు. బయల్దేరేముందు పెరట్లోకి తీసుకెళ్లి ఖాళీగా ఉన్న నేల చూపించాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కూలిన కొబ్బరిచెట్ల చోటది. ఉద్దానంలో ప్రతి ఇంటికీ అలాంటి ఖాళీ ఒకటుంది. కొత్తగా నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే మొవ్వు విప్పుతున్నాయి.

తాబేలు తల్లుల తీరం

ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం వరకూ వెళ్లి, అక్కడి నుంచి దక్షిణానికి తిరిగారు. మొదటి మజిలీ బారువ. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు. సరుగుడు తోటలు, లైట్‌హౌస్, వలలు బాగుచేసుకునే మత్స్యకారులు. ఊరి పెద్దను అడిగితే గుడారానికి చోటు చూపించాడు. 'లైటు మాత్రం ఎయ్యకండి బావూ. తాబేలు తల్లులు గుడ్లెట్టడానికొస్తాయి. ఎలుగు సూస్తే తిరిగెళ్లిపోతాయి' అన్నాడు.

అవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఒడ్డుకొస్తాయి. ఇసుకలో గొయ్యి తీసి, వందకు పైగా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతాయి. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు బయటికొచ్చి వెలుగున్న వైపు నడుస్తాయి. మామూలుగా అయితే ఆ వెలుగు సముద్రం మీది ఆకాశానిది. ఒడ్డున దీపాలుంటే దారి తప్పి ఊరి వైపు వచ్చేస్తాయి.

'ఇక్కడికే ఎందుకొస్తాయి తాతా?' అని కారులోంచే అడిగిందామె. 'అవి పుట్టిన సోటమ్మా ఇది. ఎంత దూరమెల్లినా గుడ్డెట్టడానికి ఇక్కడికే రావాల' అన్నాడాయన. ఆమె ఇంకేమీ అడగలేదు. గుడారం ఆయనకొక్కడికే దక్కింది. ఆమె కారు అద్దాలు బిగించుకుని వెనక సీట్లోనే పడుకుంది.

ఆ పెద్దే ఇంకో పాఠం కూడా చెప్పాడు. ఇసుకలో మేకులు నిలవవు. సంచుల్లో ఇసుక నింపి, తాళ్లు కట్టి, పాతిపెట్టాలి. పోటు ఎక్కడిదాకా వస్తుందో ఒడ్డున ఎండిన నాచు, పుల్లల గీత చెబుతుంది. గుడారం ఆ గీతకు చాలా ఎగువన ఉండాలి. అమావాస్య, పున్నములకు ఇంకాస్త వెనక్కి జరగాలి.

కాఫీ ముందా, కడలి ముందా?

మర్నాడు వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం, నదికి దక్షిణపు ఒడ్డున కొండ మీది శాలిహుండం బౌద్ధ స్తూపాలు చూసుకుని భీమిలికి చేరారు. గోస్తనీ సంగమం, డచ్చివాళ్ల పాత సమాధులు అక్కడి ప్రత్యేకత. భీమిలి నుంచి విశాఖకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు బీచ్ రోడ్డు. ఒక పక్క నీలం నీళ్లు, మరో పక్క ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా గాలీ వానా కలిసి చెక్కిన ఆ దిబ్బల మధ్య నడుస్తుంటే పక్కనే సముద్రం ఉందన్న సంగతే మరిచిపోతాం. ఆమెకు బాగా నచ్చిన చోటు అదే!

విశాఖలో రెండు రాత్రులు ఆయన కాలేజీ స్నేహితుడింట్లో. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామిని పొద్దున్నే చూసొచ్చారు. రాత్రి భోజనాల దగ్గర మాట హుద్‌హుద్ మీదకు మళ్లింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. అద్దాలన్నీ పగిలిపోతుంటే ఆ కుటుంబం గంటల తరబడి స్నానాలగదిలోనే కూర్చుందట. మర్నాడు తలుపు తీస్తే వీధిలో ఒక్క చెట్టూ నిలబడి లేదు. రోజుల తరబడి కరెంటు లేదు. 'మరి ఇల్లు మారాలనిపించలేదా అన్నయ్యగారూ?' అని ఆమె అడిగింది. 'ఎక్కడికి మారతామమ్మా? పొద్దున్నే సముద్రం చూడకపోతే కాఫీ తాగినట్టే ఉండదు' అన్నాడాయన.

మూడో అల దగ్గర అమ్మమ్మ వంటిల్లు

విశాఖ నుంచి తుని, అన్నవరం మీదుగా వచ్చి కత్తిపూడి దగ్గర 216వ నంబరు జాతీయ రహదారి పట్టుకున్నారు. కాకినాడ, అమలాపురం, నరసాపురం, బందరు, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు దాకా వెళ్లే దారి ఇది. తీరాన్ని చూడాలనుకునేవారికి నిజమైన రహదారి ఇదే.

కాకినాడలో ఆమె హాస్టల్ నేస్తం ఉంది. కోటయ్య కాజా తినిపించి, సాయంత్రం ఉప్పాడ తీసుకెళ్లింది. జాందానీ చీరలకు పేరుమోసిన ఆ ఊరిని సముద్రం ఏళ్ల తరబడి కోసుకుపోతోంది. రాళ్లు వేశారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టపు సంచులతో గోడ కట్టారు. అలలు వాటినీ తిన్నాయి. రోడ్డు ఎన్నిసార్లు వేశారో, ఎన్నిసార్లు కొట్టుకుపోయిందో! 'అదిగో, ఆ మూడో అల లేస్తోంది చూడవే... మా అమ్మమ్మ వంటిల్లు అక్కడే ఉండేది' అని నేస్తం వేలితో చూపించింది. ఏడుస్తూ కాదు, పక్కింటిని చూపించినట్టు మామూలుగా చెప్పింది. ఆమె ఆ అల వైపు చాలాసేపు చూసింది.

మర్నాడు కోరంగి మడ అడవులు. ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు ఇది. 1839 నవంబరు తుపానుకు తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు చెక్క వంతెన మీద నడుస్తుంటే కింద బురదలో పీతలు పరుగెడుతుంటాయి. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి మడచెట్ల ఊపిరి వేళ్లు. ఉప్పెన ఊళ్ల మీదికి రాకముందే దాని జోరు తగ్గించేది ఈ చెట్లే.

యానాం దాటి, బాలయోగి వంతెన మీదుగా గౌతమిని దాటితే కోనసీమ. ఆ రాత్రి అమలాపురం దగ్గర తెలిసినవాళ్ల కొబ్బరితోటలో గుడారం. తోట యజమాని 1996 నవంబరు 6 నాటి సంగతి చెప్పాడు. ఆ తుపానులో నేలకొరిగిన చెట్లను లెక్కపెట్టేవాడే లేడట. ఇప్పటి తోటంతా ఆ తర్వాత వేసిందే. ఆమె కారులో కాక గుడారంలో పడుకున్నది ఆ రాత్రే మొదటిసారి. అక్కడికి అల చప్పుడు వినపడదు మరి!

అంతర్వేది నరసింహస్వామిని దర్శించుకుని, వశిష్ఠ సాగరంలో కలిసేచోట అన్నాచెల్లెళ్ల గట్టు చూసి, సఖినేటిపల్లి రేవులో కారుతో సహా పంటు ఎక్కారు. అవతలి ఒడ్డు నరసాపురం. రాత్రికి బందరు. లడ్డూ కొనుక్కుని లాడ్జిలో దిగారు. 1864 నవంబరు ఒకటిన వచ్చిన ఉప్పెన ఈ ఊళ్లో, చుట్టుపక్కలా సుమారు ముప్పై వేల మందిని పొట్టనబెట్టుకుంది. ఆ కథ ఈసారి ఆమే ఆయనకు చెప్పింది. చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిందట.

తాటిచెట్టు ఉన్న చోట

ఏడో రోజు చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరారు. అక్కడి నుంచి ఆమె ఊరు దగ్గరే. కారులో మాటల్లేవు. ఊళ్లోకి వెళ్లాక వీధులు ఆమెకు గుర్తు రాలేదు. ఓ అరుగు మీద కూర్చున్న ముసలామె 'ఎవరి అమ్మాయివమ్మా?' అంది. తండ్రి పేరు చెప్పగానే లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. 'తాటిచెట్టుకు కట్టేసిన పిల్లవా?' అంది.

అవును. ఆ రాత్రి ఉప్పెన మూడు నిలువుల ఎత్తున వచ్చింది. తండ్రి తన పైపంచెతో కూతుర్ని తాటిచెట్టుకు కట్టాడు. కొడుకును చంకన పట్టుకున్నాడు. తెల్లారేసరికి చంకలో పిల్లాడు లేడు. దివిసీమ చుట్టుపక్కల దాదాపు పదివేల మంది చనిపోయారని అధికారిక లెక్క. అంతకు ఎక్కువేనని అక్కడివాళ్లంటారు.

ముసలామె వాళ్లను ఊరి చివరికి తీసుకెళ్లింది. తాటిచెట్టు లేదు. ఆ చోట తుపాను షెల్టర్ ఉంది. 1977 తర్వాత తీరంలో ఇలాంటివి చాలా కట్టారు. నీళ్లు కింది నుంచి పోయేలా ఎత్తైన స్తంభాలు, పైన గదులు. 'తుపానంటే ఇప్పుడు ముందే చెబుతున్నారమ్మా. మేం ముందే ఎక్కేస్తున్నాం' అంది. షెల్టర్ గోడకు ఎవరో పిల్లలు బొగ్గుతో వికెట్లు గీశారు.

గుడారం ఆ రాత్రి ముసలామె వాకిట్లోనే. తెల్లవారుజామున ఆమే ఆయన్ని లేపింది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవికి వెళ్దామంది. కాకి మునిగి హంసగా మారిందని చెప్పుకునే చోటు. మాఘ పౌర్ణమికి జనం పోటెత్తుతారు గానీ ఆ పొద్దున ఎవరూ లేరు. వేణుగోపాలస్వామి గుడి దాటి తీరానికి వెళ్లారు. ఆయన వెనకే ఆగిపోయాడు. ఆమె చెప్పులు విడిచి నడిచింది. మొదటి అల వచ్చి పాదాలు తడిపి వెళ్లింది. పమిట కొంగులోంచి రెండు బందరు లడ్డూలు తీసి నీళ్లలో వదిలింది. ఒకటి నాయనమ్మకు. ఒకటి తమ్ముడికి.

ఓడలకు అభయం

పులిగడ్డ, పెనుమూడిల మధ్య కృష్ణ మీది వారధి దాటితే రేపల్లె. ఆ రాత్రి బాపట్ల దగ్గర సూర్యలంకలో గుడారం. చీరాల దాటాక ఆయన మోటుపల్లికి కారు తిప్పాడు. ఇప్పుడు చిన్న పల్లె. కాకతీయుల కాలంలో దేశదేశాల ఓడలు ఆగిన రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం ప్రసిద్ధం. అంతకుముందు రాజులు, తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవారు. గణపతిదేవుడు దాన్ని మాన్పించాడు. ముప్పయ్యో వంతు సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని రాయి మీద రాయించాడు. కడలి దెబ్బ తిని వచ్చినవాడిని ఒడ్డు మళ్లీ కొట్టకూడదన్నమాట. ఆమె ఆ సంగతి విని, 'నన్ను పెంచిన మేనమామ కూడా అంతే' అంది.

తొమ్మిదో రాత్రి నెల్లూరు దగ్గర మైపాడు. ఊళ్లో చేపల పులుసుతో భోజనం చేసి తీరానికి వచ్చారు. పదో రోజు నేలపట్టులో గూడబాతులు, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు చూసుకుని, తడలో ఆఖరి రాత్రి గడిపి ఇంటిదారి పట్టారు. కానీ ఇల్లు చేరాక కూతురికి ఆయన మొదట చెప్పింది పక్షుల గురించి కాదు, మైపాడు రాత్రి గురించి. అక్కడ ఆయన అలవాటుగా సరుగుడు చెట్ల వెనక్కి సామాను మోయబోయాడు. ఆమె ఆపింది. ఒడ్డు వెంట నడిచి ఎండిన నాచు గీత ఎక్కడుందో వెతికింది. అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ ఎగువకు వచ్చి ఆగింది.

'ఇక్కడ చాలు. సంచుల్లో ఇసుక నింపండి' అంది.

మీరూ వెళ్లాలనుకుంటే...

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ ప్రయాణానికి అనువైన కాలం. అక్టోబరు, నవంబరు, మే నెలల్లో తుపాను హెచ్చరికలు చూసుకునే బయల్దేరాలి.

గుడారం వేసేముందు ఊరి పెద్దల్నీ, మెరైన్ పోలీసులనూ అడగాలి. అన్ని తీరాల్లోనూ రాత్రి బసకు అనుమతి ఉండదు.

నదులు సముద్రంలో కలిసేచోట సుడులు, లోతు ఎక్కువ. పాదాలు తడుపుకోవడంతోనే సరిపెట్టుకోవాలి.

తాబేళ్లు వచ్చే తీరాల్లో రాత్రి మంటలు, లైట్లు వద్దు. ప్లాస్టిక్ చెత్త మీ డిక్కీలోనే వెనక్కి తెచ్చుకోండి.

పంటు రోజూ తిరుగుతుందో లేదో ముందే కనుక్కోండి. లేకుంటే దిండి దగ్గర చించినాడ వంతెన మీదుగా వశిష్ఠను దాటవచ్చు.