చలి వెళ్ళువేళ

ధనుర్మాసమున ఏలూరి తమ్మిలేటి యొడ్డున తెల్లవాఱుట కంటికిఁ గనఁబడదు. మంచులో నుండి ముందు గుడిగంటయు, పిదప పాలవాని సైకిలు గంటయు వినవచ్చిన మీదటనే ప్రొద్దు పొడిచెనని యెఱుఁగవలయును. మా సీమది చలియే కాదనువారు తాడేపల్లిగూడెము చుట్టుపట్ల దాళ్వా నారుమడి గట్టున ఒక్క వేకువ నిలిచి చూతురు గాక! ఎదుగుట మాని పసుపువాఱిన నారును రైతు వంగి మునివ్రేళ్ళతోఁ దడవి, రాత్రి చల్లఁబడిన నీటిని తీసివేసి, క్రొత్తనీరు పెట్టి, ఎండకై తూర్పునకుఁ జూచుచుండును.

ఇదే చలి కొల్లేటి పక్షులకు సంతానకాలమగుట నాకెప్పుడును అబ్బురమే. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ పట్టికకెక్కిన యీ సరస్సు చెంత, ఆటపాకలో అటవీశాఖవారు నిలిపిన ఇనుప మంచెలపై గూడబాతులు గూళ్ళు కట్టును. పిల్ల తన తలను మెడదాఁక తల్లి గొంతుసంచిలోనికి దూర్చి చేపను లాగికొనుచుండఁగా, తల్లి రెక్కలు కొంచెము విప్పి, తూలకుండ నిలద్రొక్కుకొనును.

శివరాత్రికి చలి శివశివా యని వెళ్ళునని పెద్దల మాట. నూజివీటి మామిడిపూఁతకును, ఉగాది వేపపూవునకును నేనును ఎదురుచూచుచునే యున్నాను. కాని యెండ ముదిరిన కొలఁది కొల్లేరు కుంచించుకొనిపోవుననియు, రెక్కలు వచ్చిన పిల్లలతో నాపక్షులు లేచిపోవుననియుఁ దలఁచినపుడు, వసంతము మఱి నాలుగు నాళ్ళు తడసినను సమ్మతమే యనిపించును.