భిక్షం వేసేవాడు తుపాకీ పట్టుకుని రాడు

మిరప నారు పనుల్లో పడి పది రోజులుగా పేజీలో ఏమీ రాయలేదు. ఇవాళ రాసేది మందుల గురించి కాదు, ధరల గురించీ కాదు. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మొన్న ఆగస్టు 15న మా పంచాయతీ ఆఫీసు దగ్గర జెండా ఎగరేశాం. పిల్లలకు చాక్లెట్లు పంచారు, సర్పంచి నాలుగు మాటలు చెప్పాడు, అయిపోయింది. తర్వాత టీ బంకు కాడ కూర్చుంటే మా తమ్ముడి కొడుకు ఫోన్‌లో ఒక వీడియో పెట్టి నా చేతికిచ్చాడు. డిగ్రీ చదివే పిల్లోడు. "పెదనాన్నా, ఇది చూడు. 1947లో మనకొచ్చింది స్వాతంత్ర్యం కాదంట, భిక్షంట. యుద్ధం చేయకుండా వచ్చింది కదా, మరి భిక్షే కదా?" అన్నాడు. వెటకారానికి అడగలా, నిజంగానే అడిగాడు. నేను "పోరా, పనికిమాలిన మాటలు" అని కసిరాను. ఇంటికొచ్చాక నాకే బాగనిపించలా. కసిరితే సమాధానం చెప్పినట్టు కాదుగా. అందుకే ఈ రాత.

ఆ వీడియో పాతదే. 2021 నవంబర్‌లో హిందీ సినిమా నటి కంగనా రనౌత్ ఒక టీవీ ఛానల్ సభలో అన్న మాట. అప్పటికి ఆమె పద్మశ్రీ అందుకుని వారం కూడా కాలేదు. 1947లో వచ్చింది భిక్ష, అసలు స్వాతంత్ర్యం 2014లో వచ్చింది అని ఆ మాటల సారం. దేశమంతా గోల అయింది. అప్పుడు బీజేపీ ఎంపీగా ఉన్న వరుణ్ గాంధీ కూడా దీన్ని పిచ్చి అనాలా, దేశద్రోహం అనాలా అని అడిగాడు. ఆమె తగ్గలా. 1857 సంగతి తెలుసుగానీ 1947లో ఏ యుద్ధం జరిగిందో చెప్పండి, చెబితే పద్మశ్రీ తిరిగిచ్చేస్తా అంది. 2024లో ఎంపీ కూడా అయింది.

ఆమె అడిగిన ప్రశ్నే మా పిల్లోడు అడిగాడు. రైతుకు దీనికి సమాధానం చెప్పడం కష్టం కాదు. మనం ఆగస్టులో నారు పోస్తాం, తర్వాత నాటతాం, కలుపు తీస్తాం, బొబ్బర తెగులుతో, తామర పురుగుతో కొట్టుకుంటాం. జనవరిలో కాయ కోస్తాం. ఎవరన్నా కోతల రోజు చేలోకొచ్చి "ఈ నెలలో ఏం విత్తనం వేశావు? ఏమీ వేయలేదుగా, అయితే ఈ కాయలు నీకెవరో ఊరికే ఇచ్చినవి" అంటే ఏమంటాం? 1947లో యుద్ధమేదీ అని అడగడం అట్లాంటిదే. అది కోతల ఏడాది. విత్తనం ఎప్పుడు వేశారో చూడాలంటే వెనక్కి పోవాలి.

ఎక్కడికో పోనక్కర్లేదు, మన పల్నాడుకే పోదాం. మా నాయనమ్మ చెప్పేది. అడవిలో గొడ్లను మేపుకోవాలంటే తెల్లోడికి పుల్లరి కట్టాలి. కట్టకపోతే గొడ్లను తోలుకుపోయి బందెలదొడ్లో పెట్టేవాళ్లంట. 1921లో మనోళ్లు పుల్లరి కట్టం అన్నారు. అడవి మాది, గడ్డి మాది, నీకెందుకు కట్టాలని గొడ్లను అడవిలోకి తోలారు. మించాలపాడు కన్నెగంటి హనుమంతు మనలాంటి రైతే. 1922 ఫిబ్రవరిలో పోలీసులు కాల్చి చంపారు. రక్తం కారుతూ దాహం అంటే నీళ్లు కూడా తాగనివ్వలేదని మా ఊళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అప్పుడే పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి వెనక నిలబడి రైతులు భూమి శిస్తు కట్టడం మానేశారు. చీరాల, పేరాల జనమైతే మున్సిపాలిటీ పన్ను కట్టలేక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఇళ్లు వదిలి ఊరి బయట పాకల్లో దాదాపు ఏడాది బతికారు. 1942 ఆగస్టు 12న తెనాలిలో కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు. తెనాలి పోయినోళ్లు రణరంగ చౌక్‌లో ఆ స్తూపాలు చూసే ఉంటారు. ఇదంతా ఒక్క పాత గుంటూరు జిల్లా లెక్క. దేశమంతా ఎన్ని ఊళ్లున్నాయో మీరే లెక్కేసుకోండి.

భిక్ష అంటే ఏందో మనకు తెలుసు. సంక్రాంతి నెలలో హరిదాసు వస్తే ఆయన గిన్నెలో బియ్యం పోస్తాం, దణ్ణం పెడతాం. ఇష్టం లేకపోతే ఊరుకుంటాం. అంతేగానీ ఆయన మీదకు తుపాకీ తీయం కదా. అవతలోడు తుపాకీ పట్టుకొచ్చాడంటే మనం అడిగింది భిక్ష కాదు, వాడు లాక్కున్న మన సొమ్ము.

ఇంకో మాట కూడా చెప్పాలి. 1947లో వచ్చింది చాల్లేదు అనడం తప్పు కాదు. 1948లో కమ్యూనిస్టులు ఈ స్వాతంత్ర్యం ఉత్తదే అని నినాదం ఇచ్చారు. నేను దాన్నీ ఒప్పుకోను. కానీ దున్నేవాడికి భూమి ఏదని వాళ్లు అడిగింది తీసిపారేసే మాట కాదు. తెలంగాణ సోదరులకు 1948 సెప్టెంబర్ 17 దాకా నిజాం పాలన తప్పలేదు కూడా. రాలేదని అడగడం వేరు. తెచ్చినోళ్లను అడుక్కునేవాళ్లు అనడం వేరు.

ఇప్పుడు నా సంగతి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

2021 ఫిబ్రవరిలో ఢిల్లీ చుట్టూ రైతులు కూర్చున్నప్పుడు ఇదే నటి, వాళ్లు రైతులు కాదు, ఉగ్రవాదులు అని ట్విట్టర్‌లో రాసింది. అంతకుముందు పంజాబ్ పెద్దామె ఒకరిని వంద రూపాయలకు దొరికే మనిషన్నట్టు రాస్తే, ఆ పెద్దామె కోర్టుకెక్కింది. ఆ ఉగ్రవాదుల మాటను ఎవరో తెలుగులో చేసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నేను దాన్ని ఇంకో మూడు గ్రూపులకు పంపాను. పైన "కరెక్టుగా చెప్పింది" అని రాసి మరీ పంపాను. ఎర్రకోట మీద గొడవ టీవీలో చూసి ఉన్నాను. గోధుమ రైతుల గోల మనకెందుకులే అనుకున్నాను. మూడున్నర ఎకరాల మిరప రైతును, నాకే దేశభక్తి ఎక్కువున్నట్టు.

నాలుగేళ్లు తిరిగింది. 2025 ఫిబ్రవరిలో మిరప ధర ఎట్లా పడిందో మీకు చెప్పేదేముంది. అంతకుముందు ఏడాది ఇరవై వేల దాకా చూసిన కాయ నేను 10,500కు ఇచ్చాను. కోత కూలి, కౌలు పోను చేతిలో ఏమీ మిగల్లా. ఓ యాభై మందిమి రోడ్డు మీద కూర్చున్నాం. కారు ఆగిపోయిన ఒకాయన అద్దం దించి "మీరు రైతులేంట్రా, డబ్బులిచ్చి కూర్చోబెట్టిన బ్యాచ్" అన్నాడు. నా చేతులకు ఇంకా కాయ మంట ఉంది. పక్కనోళ్లు ఆయన మీదకు పోయారు. నేను లేవలా. ఆయన కొత్తగా ఏమన్నాడు? నేను పంపిన మాటే తిరిగి నా దగ్గరకొచ్చింది.

సినిమావాళ్లు, నాయకులు నోరు జారతారు. ఆ మాట వాళ్లకు ఒక రోజు వార్త. దాన్ని ఊరూరా మోసేది మనం. మోసిన మాట ఎవరి మీద పడుతుందో పంపేటప్పుడు తెలియదు.

ఆ భిక్ష మాట అన్న పది రోజుల్లోపే, 2021 నవంబర్ 19న, మూడు సాగు చట్టాలు వెనక్కి తీసుకుంటున్నామని ప్రధాని టీవీలో చెప్పారు. ఏడాది చలిలో, ఎండలో కూర్చున్నారు వాళ్లు. ఏడు వందల మందిని పోగొట్టుకున్నామని వాళ్ల సంఘాలు చెప్పాయి. ఆ చట్టాలు మంచివా చెడ్డవా అన్నది మీ ఇష్టం. కానీ అక్కడా యుద్ధం జరగలా. మరి అదీ భిక్షేనా?

నిన్న సాయంత్రం మా పిల్లోణ్ణి పిలిచి ఇదంతా చెప్పాను. నేను పంపిన మెసేజ్ సంగతి కూడా చెప్పాను. కాసేపు ఊరుకుని, "పెదనాన్నా, మించాలపాడు ఒకసారి పోదామా?" అన్నాడు. నాట్లు అయ్యాక బండి మీద తీసుకుపోతానన్నాను.

మీ ఊళ్లో కూడా శిస్తు కట్టనన్నవాళ్లు, జైలుకెళ్లినవాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. పెద్దోళ్లను అడిగి కింద రాయండి. నేను రాసినదాంట్లో తప్పుంటే అదీ చెప్పండి, దిద్దుకుంటాను.