కొంచెం తింటే ఏం కాదు

రండి, కూర్చోండి. కాఫీ కలపమంటారా? పాలు పడవా? అయితే అల్లం టీ పెడతాను. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. పాలు తాగితే ఏమవుతుంది మీకు? కడుపుబ్బరం, గుడగుడలు, కాసేపటికి బాత్‌రూమ్‌కి పరుగు, అంతేనా? పెరుగన్నం తింటే మాత్రం ఏ గొడవా లేదంటారు. అదే అనుకున్నాను.

పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని విడగొట్టడానికి పేగుల్లో లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి. పసిపిల్లలకి అది పుష్కలం, పెద్దయ్యాక ప్రపంచంలో ఎక్కువమందికి తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దపేగుకి చేరితే అక్కడి బ్యాక్టీరియాకి పండగే, ఆ సందడే మీ గుడగుడలు. తోడుపెట్టిన పాలలో ఆ చక్కెర కొంత ముందే ఖర్చయిపోయి ఉంటుంది. నెయ్యిలో దాదాపు ఉండదు. భోజనంతో పాటు అర గ్లాసు పాలు తాగితే మీకూ ఏమీ కాకపోవచ్చు. డాక్టర్లు దీన్ని ఇంటాలరెన్స్ అంటారు. ఇబ్బందే, కాదనను. కానీ ప్రాణం మీదికి రాదు, అంతా మోతాదుని బట్టి.

రొయ్యల లెక్క వేరు. భీమవరం వైపు పెళ్ళి బంతిలో కూర్చుని ‘నాకు రొయ్యలు పడవండీ’ అని చూడండి. ‘ముక్కలు పక్కన పెట్టి గోంగూర వేస్తానులే బాబూ, కొంచెం తింటే ఏం కాదు’ అని ఏ పిన్నిగారో విస్తట్లో వడ్డించేస్తారు. ప్రేమే, సందేహం లేదు. కానీ ఈ బలవంతపు వడ్డన నాకు బొత్తిగా నచ్చదు. రొయ్యలు పడనివాళ్ళలో చాలామందికి శత్రువు ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్. ఉడకబెట్టినా, వేయించినా, ఎండబెట్టినా అది చావదు. ముక్క తీసేసినా పులుసులో ఉంటుంది. ఎండురొయ్యల పొడి చల్లిన కూరలో ఉంటుంది. రొయ్యలు వేయించిన నూనెలోనే బంగాళాదుంపలు వేయిస్తే వాటికీ అంటుతుంది. కొందరికి వంటింట్లో రొయ్యలు ఉడికే ఆవిరి కూడా చాలు. పీతల్లోనూ ఇదే రకం ప్రొటీన్. చేపల్లో ముఖ్యంగా ఎలర్జీ తెచ్చేది మరొకటి, అందుకే రొయ్యలు పడనివాళ్ళు కొందరు చేపల పులుసు హాయిగా లాగిస్తారు.

రొయ్యల విషయంలో తప్పు అరుగుదలది కాదు, రోగనిరోధక వ్యవస్థది. ఇదే ఎలర్జీ. ఈ సంగతి ఎలా తేలిందో భలే కథ. జర్మనీలో హైంజ్ క్యూస్ట్నర్ అనే డాక్టరుకి ఉడికిన చేప పడదు. ఆయన నెత్తురులోంచి తీసిన సీరమ్‌ని తోటి డాక్టరు కార్ల్ ప్రౌస్‌నిట్జ్ తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు సరిగ్గా అక్కడే చేప సారం ఎక్కిస్తే దద్దురు లేచింది. చేప తింటే ఏమీ కాని మనిషికి! 1921లో ఆ ఇద్దరూ ఇది ప్రచురించారు. నెత్తురులోని ఆ గుట్టు ఐజీఈ అనే యాంటీబాడీ అని తేలడానికి 1960ల దాకా పట్టింది. అది అంటిపెట్టుకుని ఉన్న కణాలు రొయ్య తగలగానే హిస్టమిన్ వంటివి గుమ్మరిస్తాయి. నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు, ఆయాసం. ముదిరితే గొంతు మూసుకుపోతుంది, బీపీ పడిపోతుంది. పోయినసారి ఉత్త దురదతో పోయింది కదా అని ఈసారీ అలాగే పోతుందన్న భరోసా లేదు.

అన్నట్టు, కంద తింటే గొంతు గీరుకుంటుందే, అది పై రెండిట్లో ఏదీ కాదు. అందులో సూదుల్లాంటి క్యాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, సరిగ్గా ఉడక్కపోతే ఎవరినైనా గుచ్చుతాయి.

ఒకే రక్తపరీక్షతో వందల ఆహారాల సంగతి తేల్చేస్తామనే ఐజీజీ ప్యాకేజీలకి డబ్బు తగలేయకండి. ఐజీజీ అనేది వేరే యాంటీబాడీ, అది ఉంటే ఆ తిండి మీరు తిన్నారని అర్థం, పడదని కాదు. ఏం తిన్నారు, ఎంతసేపటికి ఏమైంది అని గుచ్చి గుచ్చి అడిగి, ఆపైన చర్మం మీద పరీక్ష చేసే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

బంతిలో ఎవరికైనా పెదాలు వాచి ఊపిరి బరువైతే సెట్రిజిన్ మాత్ర వేసి కూర్చోబెట్టకండి. అది దురద తగ్గిస్తుంది గానీ పడిపోయే బీపీని నిలపదు. కావలసింది తొడ కండలో అడ్రినలిన్ ఇంజెక్షన్, అదీ ఆలస్యం లేకుండా. 108కి ఫోన్ చేయండి, ఆ మనిషిని నడిపించకుండా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచండి. ఆయాసపడుతుంటే మాత్రం కూర్చోనివ్వండి. ఇంజెక్షన్‌తో తేరుకున్నా కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టవచ్చు. డాక్టరు ఇక్కడే ఉండమంటే, ‘బాగానే ఉంది కదండీ, అవతల అప్పగింతల వేళ అవుతోంది’ అని బయల్దేరదీయకండి.