తూటాల్లేని సిపాయి

నార్త్ కరోలైనా యూనివర్సిటీ, చాపెల్ హిల్. ఫ్రాంక్లిన్ స్ట్రీట్ వైపు నుంచి కాంపస్‌లోకి అడుగుపెడితే, పెద్ద పెద్ద చెట్ల మధ్య 2018 దాకా ఒక కంచు సిపాయి ఉండేవాడు. చేతిలో తుపాకీ, చూపు ఉత్తరానికి, శత్రువు అటునుంచే వస్తాడన్నట్టు. నడుముకి తూటాల పెట్టె లేదు కాబట్టి కాల్చలేడట. అందుకే సైలెంట్ సామ్ అన్నారు. కన్నెపిల్ల ఎవరైనా ముందు నుంచి నడిచివెళ్తే మాత్రం తుపాకీ పేలుతుందని కాలేజీ పిల్లల పాత జోకు. ఇంకో తమాషా ఏంటంటే, దక్షిణాది వీరుడని నిలబెట్టిన ఆ కుర్రాడి ముఖం దక్షిణాదిది కాదు. శిల్పి జాన్ విల్సన్ కెనడాలో పుట్టి బోస్టన్‌లో స్థిరపడ్డవాడు. మోడల్‌గా నిలబడింది కూడా బోస్టన్ కుర్రాడే.

అంతర్యుద్ధం 1865లో అయిపోయింది. విగ్రహం లేచింది 1913లో. మధ్యలో 48 ఏళ్ళు. చచ్చిపోయిన కొడుకుల కోసం తల్లులు ఏడ్చి కట్టించిన రాయి అయితే ఇంత ఆలస్యం దేనికి? ఆ మధ్య కాలంలో ఏం జరిగిందో చూస్తే విషయం తెలుస్తుంది. 1898లో విల్మింగ్టన్‌లో నల్లవాళ్ళను చంపి, తరిమి, ఎన్నికైన నగర ప్రభుత్వాన్ని తుపాకులతో దింపేశారు. 1900లో అక్షరాస్యత పరీక్ష పెట్టి వాళ్ళ ఓట్లు ఊడబెరికారు. ఓడిపోయిన యుద్ధాన్ని ఇంకో దారిలో గెలిచాక విగ్రహాలు లేచాయి. ఊరూరా కట్టించిన యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ అనే మహిళా సంఘమే ఇక్కడా పూనుకుంది.

1913 జూన్ 2న ఆవిష్కరణ. మాట్లాడినవాళ్ళలో జూలియన్ కార్ ఒకడు. డర్హమ్ పొగాకు కోటీశ్వరుడు, ఈ యూనివర్సిటీకి దాత. యుద్ధం నుంచి తిరిగొచ్చి మూడు నెలలైనా కాకముందే, ఇప్పుడు మనం నిలబడ్డ చోటికి వంద గజాల దూరంలో, ఒక నల్లజాతి స్త్రీని ఆవిడ బట్టలు పీలికలయ్యేదాకా కొరడాతో కొట్టానని సభలో చెప్పుకున్నాడు. ఒక తెల్ల దొరసానిని బహిరంగంగా అవమానించిందట, అదీ నేరం. పశ్చాత్తాపంతో చెప్పింది కాదు. మురిసిపోతూ చెప్పాడు. ఆ ప్రసంగం యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లోనే దాదాపు ఒక శతాబ్దం పడి ఉంది. ఒక పరిశోధక విద్యార్థి కంటపడి, 2011లో విద్యార్థుల పత్రికకు ఉత్తరం రాస్తే గానీ జనానికి తెలీలేదు. కొట్టినవాడి పేరు మాత్రం వీధివీధికీ తెలుసు. దెబ్బలు తిన్నావిడ పేరు ఆ ప్రసంగంలో లేదు.

పక్కనే ఉండే చిన్న ఊరికి పెట్టింది అతని పేరే, అదీ 1913లోనే. కార్‌బొరో. నేను అద్దెకుండేది అక్కడ. వీసా కాగితాలు, బ్యాంకు ఉత్తరాలు, అమ్మ పంపే ఆవకాయ పార్సిలు, అన్నిటి మీదా కార్ గారి పేరు.

సామ్‌కి కూతవేటు దూరంలో ఇంకో స్మారకం ఉంది. 2002 బాచ్ విద్యార్థుల కానుక, కొరియా శిల్పి డో హో సూ చేసింది. గుండ్రటి నల్లరాతి బల్ల, చుట్టూ రాతి పీటలు. బల్లని కింద నుంచి మూడు వందల చిట్టి కంచు మనుషులు చేతులెత్తి మోస్తుంటారు. పేరు లేకుండా ఈ యూనివర్సిటీని కట్టిన నల్లవాళ్ళు, బానిసలూ స్వేచ్ఛగా ఉన్నవాళ్ళూ. శిల్పి ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ అక్కడ కూర్చుంటే మన మోకాళ్ళు వాళ్ళ ముఖాల దగ్గరికొస్తాయి. వానాకాలంలో పిల్లల బూట్ల బురద వాళ్ళ మీద చిందుతుంది. అటు సిపాయేమో ఎత్తైన దిమ్మ మీద. వాణ్ణి చూడాలంటే తలెత్తాలి.

2017 వేసవిలో అమ్మ వచ్చినప్పుడు పులిహోర డబ్బా తీసుకుని అక్కడికే వెళ్ళాం. చల్లగా నీడ ఉంది కదా అని కూర్చోబోయింది. కాలు బొమ్మలకి తగిలింది. వెంటనే వంగి, వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. "ఎవర్రా వీళ్ళు?" అంది. చెప్పాను. ఇంక ఆ పీట మీద కూర్చోలేదు. చున్నీ తీసి గడ్డి మీద పరిచింది. నేను చదివిన విమర్శ వ్యాసాలు ఏవీ ఆ బల్ల గురించి ఇంత తొందరగా తేల్చలేదు.

2015 జూన్‌లో చార్ల్‌స్టన్ చర్చిలో ఒక తెల్ల కుర్రాడు తొమ్మిది మందిని కాల్చి చంపాడు. దక్షిణాది అంతటా కాన్ఫెడరేట్ గుర్తుల మీద ప్రశ్నలు లేచాయి. నార్త్ కరోలైనా శాసనసభ ఆ తర్వాతి నెలలోనే చట్టం చేసింది: ప్రభుత్వ స్థలాల్లోని స్మారకాలని రాష్ట్రం అనుమతి లేకుండా కదపకూడదు. దాంతో యూనివర్సిటీకి చెప్పుకోడానికి మంచి సాకు దొరికింది. 2018 ఏప్రిల్‌లో ఒక చరిత్ర విద్యార్థిని ఎర్ర సిరాలో తన నెత్తురు కలిపి విగ్రహం మీద పోసింది. ఆమె మీద కేసు పెట్టారు.

ఆగస్టు 20 రాత్రి, తరగతులు మొదలవడానికి ముందురోజు, జనం గుంపుగా వచ్చారు. విగ్రహం చుట్టూ పొడవాటి బ్యానర్లు కట్టారు. వాటి చాటున తాళ్ళు. తొమ్మిది దాటాక సామ్ ముఖం నేలకేసి పడ్డాడు. నేను ఫ్రాంక్లిన్ స్ట్రీట్ అవతలి ఫుట్‌పాత్ మీదున్నాను. ఎఫ్-1 వీసా మీదున్నవాళ్ళకి పోలీసు వ్యాన్ ఎంత దూరంలో ఉందో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. అరుపులు వినపడ్డాయి, చప్పట్లు కొట్టాను. అంతవరకే నా ఉద్యమం.

ఇంటికొస్తే రూమ్మేట్ మేలుకునే ఉన్నాడు. వరంగల్ వాడు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో ట్యాంక్‌బండ్ మీద ఉన్నవాడు. వీడియో చూసి నవ్వాడు. "అప్పుడు మావోళ్ళు కూలగొడ్తే మీరంతా గుండెలు బాదుకున్నరు. ఇప్పుడు చప్పట్లు కొట్టొచ్చినవా అన్నా?"

ఆ రోజు శ్రీశ్రీ విగ్రహం కూలిందని నిజంగానే అన్నం తినలేదు నేను. శ్రీశ్రీ ఎవర్నీ కొరడాతో కొట్టలేదు, ఈ రెంటినీ ఒక గాటన కట్టలేం అన్నాను. "ఆయన మీద నాకూ కోపం లేదన్నా. అక్కడ ఎవరుండాల్నో ఎవరు చెప్పిన్రు? మావోళ్ళు ఎంతమందిని పెట్టిన్రు?" అన్నాడు. మనిషిని బట్టి చూడాలని నేను, ఎంచినవాణ్ణి బట్టి చూడాలని వాడు. తెల్లారేదాకా తగువు. సామ్ విషయంలో ఇద్దరి లెక్కా ఒక్కటే అయింది కాబట్టి టీ పెట్టుకున్నాం. ట్యాంక్‌బండ్ సంగతి ఇప్పటికీ తేలలేదు. శ్రీశ్రీ కోసం బాధ నాకు అలానే ఉంది, వాడి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, రెండూ నిజమే.

ఆ తర్వాతి కథంతా డబ్బు లెక్కలు. డిసెంబరులో, విగ్రహాన్ని కాంపస్‌లోనే పెట్టడానికి 53 లక్షల డాలర్లతో కొత్త భవనం కడతామన్నారు. పాఠాలు చెప్పే రీసెర్చి విద్యార్థులు చాలామంది గ్రేడ్లు ఇవ్వమని మొండికేశారు. ఆ ప్రతిపాదన పోయింది. 2019 జనవరిలో ఛాన్సలర్ కరోల్ ఫోల్ట్ రాజీనామా ప్రకటిస్తూనే, మిగిలిన దిమ్మని కూడా తీసేయమని ఆదేశించి వెళ్ళింది. నవంబరులో అసలు విడ్డూరం: సన్స్ ఆఫ్ కాన్ఫెడరేట్ వెటరన్స్ అనే సంఘానికి విగ్రహాన్నిచ్చి, దాన్ని చూసుకోడానికి 25 లక్షల డాలర్లతో ట్రస్టు పెడతామని యూనివర్సిటీ వ్యవస్థ ఒప్పుకుంది. కాంపస్‌కి జెండాలు పట్టుకుని రాకుండా ఉండటానికి విడిగా ఇంకో 74,999 డాలర్లు. 75 వేలైతే రాష్ట్ర అటార్నీ జనరల్ సంతకం కావాలి. ఆ ఒక్క డాలరు తగ్గించిన బుర్ర ఎవరిదో గానీ, మా ఊళ్ళో కాంట్రాక్టర్లు కూడా దండం పెడతారు.

2020 ఫిబ్రవరిలో జడ్జి ఆ ట్రస్టు ఒప్పందాన్ని కొట్టేశాడు, అసలు ఆ సంఘానికి దావా వేసే హక్కే లేదని. అదే ఏడాది కాంపస్‌లో ఒక భవనం మీదున్న కార్ పేరు కూడా తీసేశారు.

సామ్ నిలబడ్డ చోట ఇప్పుడు గడ్డే. బల్ల అక్కడే ఉంది. 2019 మార్చిలో ఎవరో రాత్రిపూట దాని మీద మూత్రం పోసి, జాతి తిట్లు రాసి పోయారు. ఆ వారం నేనెళ్ళేసరికి కడిగేసి ఉంది. పీటలు ఖాళీ.